ఊరుమ్మడి వై-ఫై: వాడుకొనే పద్ధతి

(పాల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, మహిళా సభ్యులకు జరిపిన శిక్షణ తరగతిలో విస్తరణ విభాగపు విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



గాలికుంటు టీకాల గురించో, పచ్చిమేతను పాతర వేయటం గురించో మాట్లాడమంటే నాకు అలవాటైన పని. ఈసారి కార్యదర్శులు కొందరు ముందుగానే వచ్చి, "అయ్యా, టీకాల సంగతి డాక్టరుగారు చెబుతారు. మీరు ఫోన్ల సంగతి చెప్పండి. బస్టాండులో, రైలు స్టేషన్లో ఊరికే వచ్చే వై-ఫై వాడవచ్చునా, వాడకూడదా? పిల్లలు వాడుతున్నారు, పెద్దవాళ్ళు భయపడుతున్నారు" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పూర్వం పాల డబ్బు సంఘం దగ్గర చేతిలో పెట్టేవారు. లెక్కపెట్టుకొని కొంగున ముడివేసుకొనేవారు. ఇప్పుడు బ్యాంకు ఖాతాలో పడుతున్నది. వెన్న శాతం, లీటర్ల లెక్క ఫోనుకు వస్తున్నది. గేదె చెవికి తగిలించిన పన్నెండు అంకెల పోగు కూడా ఫోనులోనే నమోదవుతున్నది. కాబట్టి ఫోను పాడైతే పాలదుత్త పగిలినట్టే అయింది మన పని.

ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరు పేరు, మనుషుల పేర్లు అడగవద్దు. ఒక సంఘంలో సభ్యురాలు, రెండు గేదెలున్న మనిషి. కొడుకు పట్నంలో బస్సు కోసం కూర్చుని, ఊరికే వచ్చే వై-ఫై కలుపుకొని తల్లి ఫోనులో సినిమా చూశాడు. మూడవ రోజున ఆమె ఖాతాలో పదిహేను రోజుల పాల బిల్లు మాయమైంది. ఊరంతా కూడి, "బస్టాండు వై-ఫై మింగేసింది" అని తీర్పు చెప్పారు. పిల్లవాడు చావుదెబ్బలు తిన్నాడు.

నేను ఆ వీధికి వెళ్ళినప్పుడు ఫోను చేతిలోకి తీసుకొని చూశాను. రెండవ రోజు మధ్యాహ్నం ఒక సందేశం వచ్చి ఉన్నది. "మీ బ్యాంకు వివరాలు నవీకరించకపోతే ఖాతా నిలిపివేయబడును. ఈ ఫైలు నొక్కండి" అని దాని సారాంశం. ఆమె బ్యాంకువారే అనుకొని నొక్కింది. ఒక కొత్త యాప్ ఫోనులోకి దిగింది. అది అడిగినట్టల్లా ఏటీఎం కార్డు నంబరు, రహస్య సంఖ్య కొట్టింది. ఆ యాప్‌కు ఫోనులోకి వచ్చే సందేశాలన్నీ చదివే అనుమతి కూడా ఇచ్చింది. ఇక ఓ.టి.పి. వచ్చినా దొంగ చేతికే. ఇదంతా ఇంట్లో, సొంత సిమ్ము డేటా మీద జరిగింది. బస్టాండుకూ దానికీ సంబంధం లేదు. పిల్లవాడి దెబ్బలు వృథా.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, మనం గాలికి భయపడుతున్నాం, అడిగిన మనిషిని మాత్రం నమ్ముతున్నాం. భయం ఉండవలసిన చోటు అది కాదు. వై-ఫైలో అసలు ప్రమాదం లేదని కాదు నా మాట. ఎక్కడ ఉన్నదో తెలుసుకొని అక్కడ జాగ్రత్తపడాలని.

వై-ఫై అంటే ఏమిటి? ఒక డబ్బా. దానికి తీగ ద్వారా ఇంటర్నెట్ వస్తుంది. అది చుట్టూ సుమారు నూరు అడుగులలో రేడియో అలల ద్వారా పంచుతుంది. గోడలు అడ్డం ఉంటే ఇంకా తక్కువ. ఆ ప్రతి డబ్బాకూ ఒక పేరు ఉంటుంది, ఫోనులో కనిపించేది ఆ పేరే. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి: ఆ పేరు పెట్టటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నా జేబులోని ఫోనుకు నేను మన సమాఖ్య పేరు పెట్టి వై-ఫై పంచవచ్చు. ఈ హాల్లోనే ఉండి "ఉచిత వై-ఫై" అని పెడితే పదిమందైనా కలుపుకొంటారు. అడ్డుకొనేవారు ఎవరూ లేరు.

రేడియో అలలు గనుక పక్కవాడు కూడా వినగలడు. పదిహేనేళ్ళ క్రిందట ఇది నిజంగా పెద్ద ప్రమాదమే. 2010 అక్టోబరులో అమెరికాలో ఒక ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అనే చిన్న పనిముట్టును అందరికీ ఊరికే ఇచ్చాడు. కాఫీ హోటల్లో తాళం లేని వై-ఫై మీద కూర్చుని దానిని తెరిస్తే, పక్క బల్లమీద ఉన్నవారి ఫేస్‌బుక్ ఖాతాలోకి వారి లాగానే ప్రవేశించవచ్చు. దొంగతనం నేర్పటానికి కాదు, పెద్ద కంపెనీలు ఎంత నిర్లక్ష్యంగా ఉన్నాయో చూపటానికే చేశానన్నాడు. జీమెయిల్ ఆ సంవత్సరం జనవరిలోనే దారి పొడుగునా తాళం వేసింది. ఫేస్‌బుక్ 2013 నాటికి అందరికీ వేసింది. ఇప్పుడు బ్యాంకులు, డబ్బు పంపే యాప్‌లు, పేరున్న వెబ్‌సైట్లు అన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఆ తాళం ఎలాంటిదో మనవారికి సులువుగా చెప్పవచ్చు. బల్కు కూలరు దగ్గర ట్యాంకరు నింపి సీలు వేస్తాం. డెయిరీలో సీలు సరిగా ఉన్నదీ లేనిదీ చూసి తెరుస్తారు. మధ్యదారిలో ట్యాంకరు ఏ హోటలు ముందు ఆగినా, సీలు చెక్కుచెదరకుంటే నీళ్ళు కలపలేదని అర్థం. వెబ్‌సైటు చిరునామా మొదట్లో వచ్చే హెచ్.టి.టి.పి.ఎస్. అనే అక్షరాలలో చివరి ఎస్. అలాంటి సీలు. అది ఉంటే దారిలో వై-ఫై డబ్బా ఎవరిదైనా, లోపల ఏముందో వాడు చూడలేడు. మీరు ఏ వెబ్‌సైటుకు వెళ్ళారో మాత్రం సాధారణంగా తెలుసుకోగలడు. ట్యాంకరు ఏ ఊరు పోతున్నదో కనపడినట్టు.

అయితే సీలు ఏమి చెప్పదో కూడా మీకు తెలుసు. మొదటనే నీళ్ళపాలు నింపి సీలు వేస్తే, డెయిరీకి నీళ్ళపాలే భద్రంగా చేరతాయి. దొంగ కూడా తన దొంగ వెబ్‌సైటుకు సీలు తెచ్చుకోగలడు, ఖర్చేమీ లేదు. పూర్వం క్రోమ్ బ్రౌజరులో చిరునామా పక్కన తాళంకప్ప బొమ్మ కనిపించేది. తాళం ఉన్నది గనుక మంచి సైటే అని జనం పొరబడుతున్నారని 2023లో గూగుల్ ఆ బొమ్మనే తీసివేసింది. కాబట్టి సీలు చూడటం సగం పని. ట్యాంకరు ఎవరిదో చూడటం మిగిలిన సగం. అంటే చిరునామాలోని అక్షరాలు ఒక్కొక్కటి చదవటం. బ్యాంకు పనికి సందేశంలో వచ్చిన లింకు నొక్కకుండా, ఫోనులో ముందునుంచి ఉన్న బ్యాంకు యాప్ తెరవటం అన్నిటికన్నా సులువు.

ఎప్పుడైనా పరాయి వై-ఫై మీద ఉండగా, "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బ్రౌజరు ఎర్ర గుర్తుతో అడ్డం నిలిస్తే, అది సీలు తెగిన ట్యాంకరు. "అయినా ముందుకు వెళ్ళు" అనే దారి కూడా క్రింద ఎక్కడో చూపుతుంది. వెళ్ళవద్దు. వై-ఫై ఆపి సొంత డేటా మీద ప్రయత్నించండి.

ఇక ఎక్కడ దొరుకుతుంది అన్న మాట. మన రైల్వే స్టేషన్లు అన్నిటికన్నా నమ్మకమైన చోటు. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలైంది. అదే సంవత్సరం ఏప్రిల్ నాటికి విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకు వచ్చింది. మొదట గూగుల్ భాగస్వామి. 2020లో వారు తప్పుకొంటామని ప్రకటించిన తరువాత రైల్వేల సొంత సంస్థ రైల్‌టెల్ నడుపుకొస్తున్నది. దేశంలో ఆరువేల స్టేషన్లకు పైగా ఉన్నది. ఫోనులో వై-ఫై తెరిస్తే రైల్‌వైర్ అనే పేరు కనపడుతుంది. నొక్కితే ఒక పేజీ వస్తుంది. ఫోను నంబరు ఇస్తే ఓ.టి.పి. వస్తుంది. అది కొడితే రోజుకు అర్ధగంట ఉచితం. వేగం అంత గొప్పగా ఉండదు. ఇంకా కావాలంటే డబ్బు కట్టవచ్చు. 2021లో పెట్టినప్పుడు పది రూపాయలకు ఒక రోజు పథకం ఉన్నది.

ఇక్కడ కొందరికి అనుమానం వస్తుంది. "ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దన్నారు కదా, ఇక్కడ ఎందుకు కొట్టాలి?" మంచి అనుమానం. వై-ఫై వాడుతున్నవారు ఎవరో లెక్క ఉండాలని ప్రభుత్వ నియమం. దానికి కారణం ఉన్నది. 2008 జూలైలో అహమ్మదాబాదు బాంబు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు ఒక బెదిరింపు ఇ-మెయిల్ వచ్చింది. పోలీసులు ఆరా తీస్తే నవీ ముంబైలో ఒక విదేశీయుని ఇంటి వై-ఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆయనకు ఆ సంగతే తెలియదు. ఆయన వై-ఫైకి సరైన తాళం లేదు, ఎవరో వాడుకొన్నారు. ఆయన పడిన అవస్థ పత్రికలలో వచ్చింది. మరుసటి సంవత్సరం, 2009 ఫిబ్రవరిలో, టెలికాం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి వై-ఫై పేజీలో ఫోను నంబరు, దానికి వచ్చిన ఓ.టి.పి. కొట్టటం తప్పు కాదు. ఆ సందేశంలో అది వై-ఫై కోసమే అని రాసి ఉన్నదా అని చదవండి. అంతకుమించి ఏమి అడిగినా, బ్యాంకు ఖాతా అనీ, ఆధార్ నంబరు అనీ, ఏటీఎం కార్డు అనీ, "ఈ ఫైలు దించుకోండి" అనీ అడిగితే, లేచి రండి. ఉచితమని పిలిచినవాడికి మీ కార్డుతో ఏమి పని?

ఓ.టి.పి. సిమ్ముకు వస్తుంది గనుక, సిమ్ముకు బొత్తిగా సిగ్నలు లేని చోట ఈ వై-ఫైలు పనికిరావు. ఇది చాలామంది అక్కడికి వెళ్ళి తెలుసుకొని చిరాకుపడే విషయం.

స్టేషను కాకుండా గ్రంథాలయం, కాలేజీ, ఆసుపత్రి, కొన్ని పంచాయతీ కార్యాలయాలు ఉన్నాయి. హోటలు, లాడ్జి ఉన్నాయి. ఎక్కడైనా ఒకటే పద్ధతి. ఫోనులో కనపడిన పేర్లను చూసి ఊహించుకోవద్దు. అక్కడ పనిచేసే మనిషిని, "మీ వై-ఫై పేరేమిటి బాబూ, తాళం ఏమిటి?" అని నోటితో అడగండి. నేనే ఒకసారి లాడ్జిలో దిగి, ఇంచుమించు ఒకే మాదిరి రెండు పేర్లు కనిపిస్తే తాళం లేనిది సులువు కదా అని దానిని నొక్కబోయాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు, "తాతగారూ, మాది గోడమీద అతికించి ఉన్నది, ఆ రెండోది ఎవరిదో మాకూ తెలియదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు రైతులకు జాగ్రత్తలు చెప్పినవాణ్ణి నేను.

ఇంకొక చిక్కు. తాళం లేని వై-ఫైని ఒకసారి కలుపుకొంటే ఫోను ఆ పేరు గుర్తుపెట్టుకొని, మరెక్కడైనా అదే పేరు కనపడితే మీకు చెప్పకుండానే కలుపుకోవచ్చు. దూడ తల్లిని వాసనతో గుర్తిస్తుంది. ఫోనుకు పేరు తప్ప మరేమీ తెలియదు. పని అయిపోగానే ఆ పేరుమీద నొక్కి "మరచిపో" అనే మాట ఎంచుకోండి, వై-ఫై బొమ్మను ఆర్పివేయండి.

మరి వాడుక దేనికి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్ద వీడియోలు దించుకోవటానికి, యాప్‌లు కొత్తవి చేసుకోవటానికి, పిల్లల పరీక్షా ఫలితాలు చూడటానికి, దూరాన ఉన్న కూతురితో ముఖం చూస్తూ మాట్లాడటానికి ఊరుమ్మడి వై-ఫై దివ్యంగా పనికివస్తుంది. డబ్బు పనికి మాత్రం సొంత సిమ్ము డేటా వాడండి. బ్యాంకు యాప్‌కు సీలు ఉన్నదని నేనే చెప్పాను కదా, మళ్ళీ ఇదేమిటంటారా? నిజమే, ఉన్నది. కాని డబ్బు పంపటానికి పట్టే డేటా గోరంత. ఆ గోరంత మిగుల్చుకోవటానికి ఎవరిదో తెలియని డబ్బా మీద ఎందుకు ఆధారపడాలి? పక్కన కూర్చున్నవాడు మీరు కొట్టే అంకెలను కంటితో చూసే ప్రమాదం గాలిలోనుంచి దొంగిలించే ప్రమాదం కన్నా ఎక్కువని కూడా మరువవద్దు. మరొక్క మాట: యు.పి.ఐ. రహస్య సంఖ్య డబ్బు పంపటానికే, రావటానికి అక్కరలేదు. "మీకు డబ్బు వేస్తాం, సంఖ్య కొట్టండి" అంటే దొంగే.

ఇప్పుడు మన సంఘాలకు సంబంధించిన విషయానికి వస్తాను. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పి.ఎం.వాణి అనే పథకానికి ఆమోదం ఇచ్చింది. పూర్వం వీధి మూలన ఎస్.టి.డి. బూతులు ఉండేవి గుర్తున్నదా? అదే తరహా. కిరాణా కొట్టువాడైనా, టీ కొట్టువాడైనా ఇంటర్నెట్ కనెక్షను తీసుకొని, చీటీల లెక్కన వై-ఫై అమ్మవచ్చు. టెలికాం శాఖకు లైసెన్సు రుసుము లేదు, కొట్టువాడు రిజిస్ట్రేషను కూడా చేసుకోనక్కరలేదు. లెక్కలు, వాడినవారి నమోదు చూసేందుకు శాఖ దగ్గర నమోదైన వేరే సంస్థ ఉంటుంది, కొట్టువాడు దానితో కలిస్తే చాలు. వాడుకొనేవారు పి.ఎం.వాణికి చెందిన ఒక యాప్ పెట్టుకొని, ఒకసారి ఫోను నంబరుతో నమోదైతే, దగ్గరలో ఎక్కడ ఉన్నదీ ఆ యాపే చూపుతుంది. కొట్టువారి దగ్గర కంపెనీలు మరీ ఎక్కువ వసూలు చేస్తున్నాయన్న ఫిర్యాదు మీద 2025 జూన్‌లో ట్రాయ్ ఒక హద్దు పెట్టింది. 200 ఎం.బి. వేగం వరకు మామూలు ఇంటి కనెక్షను ధరకు రెండు రెట్లు మించకూడదు.

పాల కేంద్రం కన్నా దీనికి తగిన చోటు ఊళ్ళో ఏమున్నది? రోజుకు రెండు పూటలా తెరుస్తాం. మనుషులు వరుసలో నిలబడతారు. కరెంటు ఉన్నది, పాలకవర్గం ఉన్నది, లెక్క రాసే అలవాటు ఉన్నది. లాభం కోసమని నేను చెప్పటం లేదు, ఆశలు పెట్టుకోవద్దు. తెలిసిన మనిషి నడిపే వై-ఫై ఊళ్ళో ఒకటి ఉంటే, మన ఆడవాళ్ళు, పిల్లలు ఎవరిదో తెలియని పేరు నొక్కవలసిన అగత్యం తగ్గుతుంది. అయితే సర్వసభ్య సమావేశంలో చర్చించి తీర్మానం చేసిన తరువాతనే. ఖర్చెంత, నెలవారీ ఎంత, ఎవరు చూస్తారు, ఇవి తేలకుండా అధ్యక్షులవారి ఉత్సాహం మీద మొదలుపెట్టిన పనులు ఎలా ముగుస్తాయో ఇక్కడున్న వారికి నేను చెప్పనక్కరలేదు.

పథకం పెట్టినా పెట్టకపోయినా, సంఘంలో ఇప్పటికే వై-ఫై ఉన్న కార్యదర్శులు రేపే చేయవలసిన పనులు ఉన్నాయి. డబ్బాతోపాటు వచ్చిన తాళం మార్చండి. డబ్బా వెనుక అతికించిన చీటీ పాలు పోయటానికి వచ్చిన ప్రతివారికీ కనపడుతున్నది. కొత్త తాళం సంఘం పేరో, ఒకటి రెండు మూడు నాలుగో కాకూడదు. పాల తూకం, వెన్న శాతం లెక్కకట్టే కంప్యూటరు ఉన్న లైనుమీదకు బయటివారిని రానివ్వకండి. అతిథులకు వేరే పేరుతో వై-ఫై ఇచ్చే సౌకర్యం చాలా డబ్బాలలో ఉన్నది, బిగించినవారిని పెట్టి ఇమ్మనండి. నవీ ముంబై పెద్దమనిషి సంగతి మీరు విన్నారు. మీ డబ్బా నుంచి ఏది వెళ్ళినా పోలీసులు ముందుగా తట్టేది మీ తలుపే.

మొదట చెప్పిన ఇంటి సంగతి పూర్తి చేయలేదు. ఆమె డబ్బు పోయిన నాలుగు రోజుల వరకు ఎవరికీ చెప్పలేదు. అత్తవారు ఏమంటారోనని. బ్యాంకుకు వెళ్ళేసరికి ఆ డబ్బు ఖాతాలు మారి ఎక్కడికో పోయింది. తిరిగి రాలేదు. ఆ నెల దాణా అప్పు సంఘమే సర్దుబాటు చేసింది. 1930 అనే నంబరు ఉన్నది. సైబరు మోసాలకు దేశమంతటికీ ఒకటే. డబ్బు పోయినట్టు తెలిసిన క్షణాన దానికి ఫోను చేస్తే, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే బ్యాంకులు నిలిపివేసే అవకాశం ఉన్నది. గంటలు గడిచినకొద్దీ ఆ అవకాశం తరిగిపోతుంది. అదే సమయంలో బ్యాంకుకు కూడా చెప్పి, ఫిర్యాదు నంబరు రాసి తీసుకోవాలి. ఇంటి మగవారికి నా విన్నపం: మీ ఇంటి ఆడమనిషి "డబ్బు పోయింది" అని చెప్పినప్పుడు, ఎలా పోయిందని అరవటం తరువాత. ముందు 1930 కొట్టండి.

కార్యదర్శులు ఆ నంబరును పాల ధరల పట్టిక ప్రక్కనే బోర్డుమీద రాయించండి. ఇక భోజనాలకు ఇరవై నిమిషాలు ఉన్నది. ఫోన్లు తెచ్చినవారు వరండాలోకి రండి. వై-ఫై పేరు మరపించటం, తెలియని యాప్‌లు తీసివేయటం ఒక్కొక్కరికీ చూపిస్తాం. మహిళా సభ్యులు ముందు వరుసలోకి రావాలి.